మట్టి మీద ఉండగానే

చంటి తలను చూసి వాడేనో కాదో చెప్పమని నన్ను తాడేపల్లిగూడెం తీసుకువెళ్లారు.

తల అంటే మట్టితో చేసిన తల. చంటి నా మనవడు. అసలు పేరు క్రాంతి కుమార్. సైన్యంలో చేరాడు. పోయిన ఏడాది సరిహద్దులో కొద్ది రోజులు యుద్ధం జరిగితే, ఆ కొద్ది రోజుల్లోనే చనిపోయాడు. ఊరి సెంటర్లో వాడి విగ్రహం పెట్టాలని మా ఊరివాళ్లు కమిటీ వేసుకున్నారు. విగ్రహాలు చేసేవాళ్లు ముందు ముఖాన్ని మట్టితో చేస్తారట. ఇంటివాళ్లను పిలిచి పోలిక చూపిస్తారట. వాళ్లు సరే అన్న తరవాతే ఆ మట్టి మీద అచ్చు తీసి ఫైబరుతో పోత పోస్తారు. అచ్చు తీశాక ముక్కు వంకరని ఏడ్చినా లాభం లేదు.

చూసి చెప్పవలసిన మనిషి నిజానికి వాడి తల్లి, మా కోడలు పుష్పలత. కానీ చంటి పోయిన దగ్గర నుంచి తను వాడి ఫొటో వైపు చూడదు. గోడకున్న ఫొటోను నేనే తీసి బట్టల పెట్టెలో అడుగున పెట్టాను. "అత్తయ్య చూసి సరే అంటే నాకూ సరేనండి. వాణ్ణి పెంచింది ఆవిడేగా" అని కమిటీవాళ్లకు చెప్పేసింది.

పెంచింది నేనే, నిజం. మా అబ్బాయి విశ్వాసం, పుష్పలత కలిదిండి వైపు చేపల చెరువులకు కాపలా పనికి వెళ్లారు. గట్టు మీద పాక, చుట్టూ నీళ్లు, పాములు. పాకే పిల్లవాణ్ణి అక్కడ ఎలా ఉంచుతారు? నా దగ్గర వదిలారు. అన్నం పెట్టి, తలంటు పోసి, బడికి పంపి అంతవాణ్ణి చేశాను. వాడి ముఖం నాకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?

నా భయమంతా అక్కడే ఉంది. వాడి ముఖం నాకు గుర్తుకు రావడం లేదు.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. కళ్లు మూసుకుంటే వచ్చేది ఫ్లెక్సీలో ముఖం. వాడు పోయాడని కబురు వచ్చిన మర్నాటికే ఉంగుటూరు నుంచి మా ఊరి దాకా ప్రతి మలుపులోనూ ఫ్లెక్సీలు కట్టారు. ఫొటో స్టూడియోవాళ్లు వాడి కాలేజీ ఫొటోలో తల తీసి, ఎవరిదో యూనిఫారం ఒంటి మీద పెట్టారు. రంగు తెలుపు చేశారు. మీసం దట్టం చేశారు. వెనకాల జెండా, విమానాలు. నేను సొంతంగా చదువు నేర్చుకున్నదాన్ని. చర్చిలో విని విని నోటికి వచ్చిన వాక్యాలను అచ్చక్షరాల మీద వేలు పెట్టి సరిపోల్చుకుంటూ, పిల్లల పెళ్లిళ్లు అయ్యాక నేర్చుకున్నాను. అందుకని అక్షరం కనబడితే చదవకుండా ఉండలేను. ఆ ఫ్లెక్సీ కింద ఉన్న నాయకుల పేర్లతో సహా అన్నీ నిలబడి చదివాను. చదవడం అయ్యేసరికి పైనున్న ముఖం నాలో దిగబడిపోయింది. తరవాత ఏడాది పాటు పాలకు వెళ్తూ రోజూ దాన్నే చూశాను. ఎండకు వెలిసినా, వానకు చిరిగినా దాన్ని విప్పడానికి ఎవరికీ మనసు రాలేదు.

ఆఖరి చూపు అనేది మాకు లేదు. పెట్టె తెరవవద్దన్నారు. మీద కప్పిన జెండాను మడిచి విశ్వాసం చేతిలో పెట్టారు. అంతకుముందు వాణ్ణి చూసింది గూడెం స్టేషన్లో, సెలవు అయిపోయి వెళ్తున్నప్పుడు. మనుషులు వెళ్లిపోతుంటే నాకు కాళ్లూ చేతులూ ఆడవు. చిన్నప్పటి నుంచీ అంతే. వెళ్లేవాళ్ల ముఖం వైపు చూస్తే ఏమవుతానోనని వాళ్ల సామాను వెంట పడతాను. నీళ్ల సీసా పెట్టావా, టిక్కెట్టు ఏదీ, సంచికి జిప్పు సరిగా పడలేదు అంటూ. వాడి సంచి జిప్పుకు నేను గుచ్చిన పిన్నీసు ఇప్పటికీ నా కళ్లకు కనబడుతుంది. దాని పైన వాడి భుజం కనబడుతుంది. ఆ పైన ఫ్లెక్సీ.

ఆ రోజు చెరువుల్లో చేపలు పట్టే పని ఉండి విశ్వాసం రాలేకపోయాడు. నేను, చంటి పోయాక చెరువులు వదిలి నా దగ్గరకు వచ్చేసిన పుష్పలత, ఏలూరులో నర్సింగు చదువుతున్న మనవరాలు నిస్సీ ఆటోలో బయలుదేరాం. ఇంట్లో ఒక్కదాన్నే ఉండలేనని పుష్పలత వచ్చింది గానీ, లోపలికి మాత్రం రానని ముందే చెప్పింది. కమిటీకి పెద్ద నాగేశ్వరరావు గారు మోటారు సైకిలు మీద మాకంటే ముందే వెళ్లి రోడ్డు మీద నిలబడ్డారు. ఆయన చేలో నేను నాట్లు వేసిన రోజుల్లో నన్ను "ఒసే వరమ్మా" అనేవారు. చంటి పోయిన దగ్గర నుంచి "వరమ్మ గారూ" అంటున్నారు. మనసారానే అంటున్నారు. కానీ ఆ పిలుపు వినబడినప్పుడల్లా, మళ్లీ ఏమయిందో అనిపిస్తుంది.

"రండి వరమ్మ గారూ. జాగ్రత్త, కింద ఇనప చువ్వలున్నాయి."

అది ఊరి బయట రేకుల షెడ్డు. లోపల నడుము దాకా ఉన్న నాయకులు, చెయ్యెత్తి దీవిస్తున్న దేవుళ్లు, కళ్లు ఇంకా పెట్టని ఆడమనిషి. ఒక పక్కన పచ్చ యూనిఫారంలో తుపాకీ పట్టుకుని ఒక సైనికుడి ఒళ్లు నిలబడి ఉంది. మెడ దాకానే ఉంది.

"అదేనండి మన బాడీ. తల ఒక్కటే రావాలి" అన్నారు నాగేశ్వరరావు గారు.

"మావాడు ఇంత లావు లేడండి" అన్నాను.

విగ్రహాలు చేసే భానుప్రకాష్ నవ్వాడు. ముప్పై దాటిన మనిషి, మోచేతుల దాకా మట్టి. "ఒళ్లు అందరికీ అదేనండి మామ్మ గారూ. సైనికుడి ఒంటికి అచ్చు రెడీగా ఉంటాది. దిమ్మ మీదకి ఎక్కించాక కింద నుంచి చూస్తే సన్నగానే అవుపిస్తారు. మీరు ముఖం ఒక్కటే చూడండి. ఏ తేడా ఉన్నా ఇప్పుడే చెప్పెయ్యాలి. మట్టి మీద ఉండగా ఏదైనా చేస్తాను."

నన్ను స్టూలు మీద కూర్చోబెట్టాడు. ఎదురుగా చెక్క స్టాండు మీద, సరిగ్గా నా కళ్ల ఎత్తుకు, తడిగుడ్డ కప్పిన తల ఉంది. గుడ్డ లాగేశాడు.

"అన్నయ్య" అంది నిస్సీ. వెంటనే ఏడుపు వచ్చేసింది దానికి.

"దింపేశాడు కదండీ! అచ్చం చంటే" అన్నారు నాగేశ్వరరావు గారు. "ఏవండీ వరమ్మ గారూ?"

నేను కూడబలుక్కుని చదివే మనిషిని. ఆ ముఖాన్నీ అలాగే చూశాను. నుదురు వాడిదే. ముక్కు వాడిదే అయి ఉండాలి. పెదవులు వాడివి అనుకోవచ్చు. అక్షరాలన్నీ తెలిసినవే, కానీ కలిపి చదివితే మాట కావడం లేదు. ఫ్లెక్సీలో మనిషి అక్కడ నిలబడి నన్ను దాటి ఎటో చూస్తున్నాడు.

"ఏమైనా తేడా ఉందాండి?" అన్నాడు భానుప్రకాష్.

"ఉంది బాబూ."

"ఎక్కడండి?"

"తెలియదు."

అతను విసుక్కోలేదు. ఇలాంటివాళ్లు రోజూ వస్తారు కాబోలు. కమిటీవాళ్లు తనకు ఇచ్చింది ఫ్లెక్సీ ఫొటో ఒక్కటేనని, ఇంట్లో వేరేవి ఉంటే చూపించమని అడిగాడు. నిస్సీ కళ్లు తుడుచుకుని ఫోను తీసింది. బోలెడు ఫొటోలు. ఒకదానిలో నల్ల కళ్లద్దాలు, ఒకదానిలో మంకీ క్యాప్, ఒకదానిలో నాలుక బయటపెట్టి, ఒకదానిలో ఫోనే అతికించిన పిల్లి చెవులతో. భానుప్రకాష్ వేలితో జరుపుతూ జరుపుతూ, "ఇందులో ఒకే మనిషి రెండుసార్లు లేడండి" అన్నాడు.

"మీసం అంత లేదేమో" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"సైనికుడికి మీసం లేకపోతే ఎలాగండి, పెళ్లిచూపులకి గీయించుకొచ్చినట్టుంటాది" అన్నారు నాగేశ్వరరావు గారు.

భానుప్రకాష్ తీగ కట్టిన పుల్లతో మీసాన్ని గీరేశాడు. రెండు గీతల్లో పోయింది. వేలు తడి చేసి అక్కడ నున్నగా రుద్దాడు. ఇప్పుడు అక్కడ ఇంటరు చదివే పిల్లవాడెవరో ఉన్నాడు. నిస్సీ ఏడుపు ఆపి తల పక్కకు వంచి చూసింది. "ఇప్పుడు అన్నయ్యలా లేడు మామ్మా" అంది.

"చెప్పలా?" అన్నారు నాగేశ్వరరావు గారు. స్టూలు దగ్గరకు వచ్చి గొంతు తగ్గించారు. "వరమ్మ గారూ, సంవత్సరీకం రోజుకి పెద్దోళ్లందరికీ డేటు ఇచ్చేశామండి. ఇవాళ అచ్చు వెయ్యకపోతే రంగు ఆరదు. ఊరంతా చంటేననుకుంటున్నారు. మీరు ఊఁ అంటే చాలు."

విగ్రహం సంగతి తెలిసినప్పుడు మా పాస్టరు గారు, "దండలేసి మొక్కకండమ్మా, గుర్తు కోసం పెట్టుకోండి" అన్నారు. గుర్తు కోసమే అయితే, గుర్తు లేనిదాన్ని నేను ఏమని ఊఁ అనను? తప్పు చెబితే ఎవరో పిల్లవాడు మా ఊరి సెంటర్లో మావాడి పేరు కింద నిలబడిపోతాడు. మేమందరం పోయాక కూడా ఉంటాడు. అప్పటికి చంటి అంటే అతనే.

టీ వచ్చింది. ఎండకు మట్టి బీటలిస్తుందని భానుప్రకాష్ తడిగుడ్డ తీసి తల మీద కప్పాడు. గుడ్డ నీళ్లోడుతూ ముఖానికి అంటుకుపోయింది.

నేను లేచి నిలబడ్డాను.

స్టాండు మీద చంటి ఉన్నాడు. వేసవిలో కరెంటు పోతే తువ్వాలు తడిపి ముఖాన కప్పుకుని నవారు మంచం మీద పడుకునేవాడు. ముక్కు దగ్గర గుడారంలా లేచి, పెదవి కింద గుంటలో అణిగి, గడ్డం దగ్గర మళ్లీ లేచి, సరిగ్గా ఇలాగే. ఊపిరాడదురా అని నేను లాగేసేదాన్ని. వాడు మళ్లీ కప్పుకునేవాడు. ఇప్పుడూ చెయ్యి దాని మీదకే పోయింది.

"ఆ గుడ్డ తియ్యి బాబూ" అన్నాను.

తీశాడు. ఎవరో.

"కప్పు."

కప్పాడు. చంటి.

"మళ్లీ తియ్యి."

నాగేశ్వరరావు గారు టీ గ్లాసు పట్టుకుని అలాగే చూస్తున్నారు. "అమ్మాయ్, మీ మామ్మకి ఎండ గానీ తగల్లేదు కదా" అని నిస్సీని మెల్లిగా అడిగారు. నాకు వినబడింది. నాకూ ఆ అనుమానమే వచ్చింది. గుడ్డ కప్పితే మనిషి తెలియడం, తీస్తే తెలియకపోవడం ఎక్కడి చోద్యం?

ఇప్పుడే వస్తానని చెప్పి బయటకు నడిచాను. పుష్పలత ఆటోలో వెనక సీటు మీద అటు తిరిగి కూర్చుని ఉంది. ఆటో అబ్బాయి ఎదుటి కొట్టు దగ్గర సోడా తాగుతున్నాడు.

"వాడేనాండి?" అంది నా వైపు తిరగకుండానే.

సరే అనేద్దామనే వచ్చాను. అనలేకపోయాను. "గుడ్డ కప్పితే వాడే. తీస్తే తెలియడం లేదు పుష్పా. వాడి ముఖం నాకు రావడం లేదు. ఎంత తలుచుకున్నా ఆ ఫ్లెక్సీయే వస్తంది."

తిడుతుందనుకున్నాను. లేకపోతే ఏడుస్తుందనుకున్నాను. తను కొంచెం పక్కకు జరిగి నాకు చోటిచ్చింది. కూర్చున్నాను.

"మీక్కూడానా" అంది.

"అంటే?"

"నాకు ఆ మర్నాటి నుంచే పోయిందండి. ఫొటో చూస్తే ఈ అబ్బాయెవరు అనిపిస్తదేమోనని భయం. కన్నతల్లిని, అలా అనిపిస్తే నేనేమైపోవాలి? అందుకే చూడటం మానేశాను. మీ దగ్గరైనా ఉంటాడులే అనుకున్నాను."

"నా దగ్గర ఉన్నాడనుకున్నావా?"

"ఆయ్. మీరుండగా నాకేంటిలే అనుకున్నాను."

ఏడాదిగా తను ఫొటోల వైపు చూడకపోతే కడుపుకోత అనుకున్నాను. నేను ఫొటో తీసి పెట్టెలో పెడితే, వాడి ముఖం నాకు గుర్తుంది కనక ఫొటో అక్కర్లేదని తను అనుకుంది. ఒకే ఇంట్లో ఎదురెదురుగా కూర్చుని అన్నం తిన్నాం. ఒకరి దగ్గర వాడు భద్రంగా ఉన్నాడని ఇంకొకరం నమ్ముకున్నాం. ఇద్దరి దగ్గరా లేడు.

పుష్పలత చెప్పులు వేసుకుంది. "గుడ్డ కప్పితే వాడేనన్నారు కదా. అది చూస్తాను పదండి."

లోపలికి వెళ్లేసరికి తల మీద గుడ్డ ఉంది. తను ఎదురుగా నిలబడి చూసింది. నాకు కనబడినది తనకు కనబడిందో లేదో తెలియదు. చెరువుల దగ్గర నుంచి ఎప్పుడో గానీ వచ్చేది కాదు కదా. తరవాత తనే గుడ్డ తీసింది. మీసం లేని ఆ ముఖాన్ని చూసింది. నేను తన ముఖాన్ని చూశాను. ఎవరీ అబ్బాయి అని అడుగుతుందేమోనని నా భయం.

తను వేలు చాచి దవడ కింద, కుడి పక్కన తాకింది. "ఇక్కడ మచ్చ ఏదండి?"

"మచ్చ ఉందాండి? ఫొటోలో లేదే" అన్నాడు భానుప్రకాష్.

"స్టూడియోవాళ్లు తుడిచేసుంటారు" అంది నిస్సీ.

మచ్చ అనగానే నాకు మచ్చ కనబడింది. మిరియపు గింజంత, నల్లగా. ముఖం లేదు, మచ్చ ఉంది. కానీ అది ఎడమ పక్కన ఉంది.

"అటు కాదు పుష్పా. ఎడమ వైపు."

"కుడేనండి."

"ఎడమ. ఎడం చేత్తో గడ్డం పట్టుకుని కుడి చేత్తో తల దువ్వేదాన్ని. నా బొటనవేలి కింద ఉండేది మచ్చ."

"మీరు ఎదర నిలబడి దువ్వితే, మీ ఎడమ వాడికి కుడి అవుద్ది కదండీ."

"వెనక కూర్చుని దువ్వేదాన్ని."

"వెనక కూర్చుంటే మచ్చెలా అవుపించిందండి?"

"అవుపించిందనలేదు. వేలికి తగిలేది అన్నాను."

"పాలిచ్చింది నేనండి. నా కళ్ల ముందు ఉండేది."

"పాలు ఎన్నాళ్లిచ్చావు తల్లీ? తలంటు పోసింది ఎన్నేళ్లు?"

భానుప్రకాష్ మట్టిని గింజంత చేసి చూపుడువేలి కొసన పెట్టుకుని నిలబడ్డాడు. నాగేశ్వరరావు గారు టీ గ్లాసు కింద పెట్టి, తన గడ్డాన్ని తనే ఎడం చేత్తో పట్టుకుని చూసుకున్నారు, తరవాత చెయ్యి మార్చారు. "ఆగండి, ఆగండి. వాడికి కుడా, మనకి కుడా? ముందు అది తేల్చండి" అన్నారు.

నిస్సీ ఫోనులో వెతికి ఒక ఫొటో పెద్దది చేసింది. దవడ కింద మచ్చ ఉంది. కుడి పక్కన. పుష్పలత నా వైపు చూసింది.

"కానీ ఇది సెల్ఫీ అమ్మా" అంది నిస్సీ. "సెల్ఫీలో కుడి ఎడమైపోద్ది. అన్ని ఫోన్లలో కాదు, కొన్నిట్లో మామూలుగానే ఉంటది. అన్నయ్య ఫోను ఏ రకమో నాకు తెలీదు."

"రెండు పక్కలా పెట్టెయ్యమంటారాండి?" అన్నాడు భానుప్రకాష్.

పుష్పలత నవ్వింది. నవ్వి, గబుక్కున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మరి అచ్చు సంగతి?" అన్నారు నాగేశ్వరరావు గారు, ఈసారి ఎవరి వైపూ చూడకుండా.

పుష్పలత నా వైపు చూసింది. ఆ చూపు నాకు అర్థమైంది. చెప్పవలసిన మనిషిని ఇంకా నేనే.

"మీసం మళ్లీ పెట్టెయ్యి బాబూ" అన్నాను. "ఊళ్లోవాళ్లు పోల్చుకోవాలి కదా."

"మచ్చండి?"

"మచ్చ వద్దులెండి" అంది పుష్పలత. "అది ఇంకా తేలలేదు."

భానుప్రకాష్ వేలి మీది మట్టిని ముద్దలో కలిపేశాడు. మీసం పెట్టడం చూడటానికి పుష్పలత ఆగలేదు. నేను ఆగాను. అతను పెట్టాక, ఫ్లెక్సీలో మనిషి తిరిగొచ్చాక, "వాడేనంటారా మరి?" అని అడిగాడు. ఊఁ అన్నాను. దేనికి ఊఁ అన్నానో నాకు సరిగా తెలియదు. ఆ పిల్లవాడు ఎవరైనా, ఊరు వాడికి చంటి అని పేరు పెట్టుకుంది, ఎండలో వానలో నిలబడబోతున్నాడు. కాదు పొమ్మనడానికి నాకు నోరు రాలేదు.

తిరుగు ఆటోలో నిస్సీ మా ఇద్దరి మధ్యా కూర్చుంది.

"మీరు చెప్పే మచ్చ దవడ మీదా, దవడ కిందా?" అంది పుష్పలత.

"కింద. తల పైకెత్తితే గానీ కనబడదు."

"అది నిజమేనండి."

"అన్నం తినిపిస్తుంటే పైకెత్తేవాడు. మింగడానికి."

"చిన్నప్పుడు పాలు తాగేటప్పుడూ అంతే. కోడిపిల్ల నీళ్లు తాగినట్టు."

ఆటో హైవే ఎక్కింది. లారీల హారన్లకు మాటలు వినబడలేదు. బాదంపూడి దాటాక పుష్పలత నిస్సీ మీదుగా ఇటు వంగింది. "ఎడమేనేమో లెండి" అంది.

అప్పటికే నాకు కుడి అనిపించడం మొదలైంది. ఆ మాటే చెప్పాను.

నిస్సీ తల పట్టుకుంది.

"మరి ఇందాకంతా ఎందుకు వాదించారండి?" అంది పుష్పలత. "వెనక కూర్చుని దువ్వానన్నారు. నిజంగా వెనకే కూర్చునేవారా? సరిగ్గా గుర్తు తెచ్చుకుని చెప్పండి."